ఎనిమిది సిట్టింగుల బేరం

ముందే చెప్పేస్తున్నాను. ఈ జబ్బులో నాకు ఎక్కువ నష్టం చేసినవాళ్లలో మొదటి పేరు నాదే. రెండో పేరు నా బేరానికి తలూపినవాళ్లది. మీ ఇంట్లో ఎవరికైనా లేని మాటలు వినిపిస్తుంటే, వీధి వీధంతా తననే చూస్తోందని అనిపిస్తుంటే, నా అతితెలివి మీకు రాకూడదని ఇది రాస్తున్నాను. ఇప్పుడు మందులు వేసుకుంటున్నాను, నిద్రపోతున్నాను, పప్పులో ఉప్పు తక్కువైతే అమ్మతో పోట్లాడుతున్నాను. కోపం మాత్రం తగ్గలేదు. దానికి మందు ఎవరూ రాయలేదు, నేనూ అడగలేదు.

జూన్

రెజిమెంటల్ బజార్‌లో మాది స్టీలు సామాన్ల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. నాకు ఆరేళ్లప్పుడు ఎవరో నా చేత్తో బోణీ చేయించుకుని ఆ రోజు బాగా అమ్ముకున్నారట. ఇక పొద్దున్నే గల్లీ అంతా నాకోసం కాచుకుని ఉండేది. "బిడ్డా, జెర ఇటొచ్చి బోణీ చేసి పో" అని పిలిచేవాళ్లు. వాళ్ల రూపాయే నా చేతిలో పెట్టి, మళ్లీ నా చేతుల మీదుగా తీసుకుని, కళ్లకద్దుకుని గల్లాలో వేసుకునేవాళ్లు. ఎనిమిదేళ్లు వచ్చేసరికి నేను ఊరికే వెళ్లడం మానేశాను. బోణీకి రెండు చాక్లెట్లు. తాళ్లూ చీపుర్లూ అమ్మే యాదగిరి మామ ఒక్కటే ఇస్తానంటే ఎదురు దుకాణం మెట్లెక్కి నిలబడేదాన్ని. రెండోది చేతిలో పడ్డాకే దిగేదాన్ని.

పెద్దయ్యాక అదే ఉద్యోగం అయింది. మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీలో కొనుగోళ్ల విభాగం. కుర్చీలు, క్యాబులు, నీళ్ల క్యాన్లు, ఏది కొనాలన్నా అమ్మేవాడి చేత ధర తగ్గించడం నా పని. కంపెనీ అంతస్తు మీద అంతస్తు అద్దెకు తీసుకుంటున్న రోజులు. నేనూ అంతే వేగంగా నిద్ర తగ్గించుకుంటూ పోయాను.

అప్పటికే జనం ఫోన్లలో కొనడం మరిగారు. ఆ ఎండాకాలంలో మా గల్లీలో రెండు దుకాణాలకు షట్టర్లు పడ్డాయి. ఒకటి గొడుగులూ సంచులూ అమ్మేది, ఇంకోటి గడియారాలది. గడియారాల దుకాణంలో ఆఖరి వారం ఒకరోజు బోణీ నాదే. ఒక పట్టీ కొన్నాను.

జూన్ మొదట్లో, కింద మా దుకాణంలో గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్న చప్పుడులో ఒక మాట వినిపించింది. "గీ పిల్ల చేతులనే ఉన్నది." మొదట నవ్వుకున్నాను. వారం తిరక్కుండా ఆ మాట గల్లీ అందరి నోటా వినిపించసాగింది. నా చెయ్యి తగిలిన దుకాణం మునుగుతుందని వాళ్లకు తెలిసిపోయింది, నాకు చెప్పకుండా ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఇప్పుడు రాస్తుంటే ఎవరో చేతగానివాళ్లు అల్లిన కథలా ఉంది. అప్పుడు మాత్రం, ఎండ వేడిగా ఉందన్నంత నిజం.

కుడిచెయ్యి చున్నీ కింద దాచడం మొదలుపెట్టాను. డబ్బులు ఎడమచేత్తో ఇచ్చేదాన్ని. ఇచ్చిన ప్రతిచోటా మొహాలు మాడిపోయేవి. చూశావా, అనుకునేదాన్ని. నిజమే అన్నమాట.

నెలాఖరుకు ఆఫీసులో అందరికీ ఒక మెయిలు పెట్టాను. నా సంతకం ఉన్న ఆర్డర్లన్నీ రద్దు చేయండి, లేకపోతే కంపెనీ మూతపడుతుంది అని. మధ్యాహ్నానికల్లా హెచ్ఆర్ వాళ్లు నన్ను క్యాబులో ఇంటికి పంపారు. ఆ క్యాబు రేటు తగ్గించింది నేనే. దారిలో ఏసీ వెయ్యలేదు.

సెప్టెంబరు

మూడు నెలలు నేను మెట్లు దిగలేదు. అమ్మ పైమెట్టు మీద కూర్చుని నాకు కాపలా కాసేది. నాన్న మొదట్లో దిష్టి తీయించాడు, తరువాత ఎవరికీ చెప్పొద్దన్నాడు, చివరికి గొంతు తగ్గించి డాక్టరు పేరు కనుక్కొచ్చాడు. అల్వాల్ దారిలో ఒక ప్రైవేటు మానసిక వైద్యశాల.

అక్కడి మందులు పనిచేశాయి. అది కాదనను. గిన్నెలు మళ్లీ గిన్నెల్లా మోగాయి. నాలుక మందమైంది, ఒళ్లు పెరిగింది, కూర్చున్న చోటే కునుకు పట్టేది. కానీ ఆసుపత్రికి ఆటోలో వెళ్లడం తప్ప నాకు వీధి తెరుచుకోలేదు. మాట వినిపించడం ఆగినా ఆ మాట మీద నమ్మకం ఆగలేదు. డాక్టరు గారు ప్రతిసారీ "ఎలా ఉంది?" అనేవారు, నేను "బాగుంది" అనేదాన్ని. చేతి సంగతి చెప్పలేదు. చెబితే ఆయన ఆసుపత్రి కూడా మునుగుతుందని భయం.

వెయిటింగ్ హాల్లో మాకు పరిచయమైన వాళ్లు స్వప్న, వాళ్లమ్మ. మల్కాజ్‌గిరి నుంచి వచ్చేవాళ్లు. స్వప్నకు పందొమ్మిదేళ్లు. బస్సెక్కితే లోపలున్న వాళ్లందరికీ తన మనసులో మాట వినబడుతుందని ఆ పిల్ల భయం. అందుకని ప్రతిసారీ ఆటో. వాళ్లమ్మ జాకెట్లు కుట్టి తెచ్చిన డబ్బంతా ఆటోకే పోయేది. ఆవిడ మాకంటే ముందొచ్చి మాకూ ఒక టోకెను తీసి పెట్టేది. ఒకరోజు డబ్బా తెరిచి సర్వపిండి విరిచి నా ఎడమచేతిలో పెట్టబోయి ఆగింది. నా కుడిచెయ్యి చున్నీ లోపల ఉంది. ముక్క నా ఒళ్లో చున్నీ మీద పెట్టేసి, "తిను బిడ్డా, సల్లారుతది" అంది.

మా మేనత్త ఒకావిడ ఫోన్ చేసి "పిల్లకు గిట్ల అయిందని ఎవరికి చెప్పకుర్రి, రేపు సంబంధాలు రావు" అంది. ఆవిడ ఒక్క పూట వచ్చి అమ్మ కూర్చునే మెట్టు మీద కూర్చున్నది లేదు.

నవంబరు

ఆ ఆసుపత్రిలో కొత్తగా వర్చువల్ రియాలిటీ చికిత్స పెట్టారు. కళ్లకు ఒక బరువైన అద్దాల పెట్టె కడతారు. అందులో దుకాణమో బస్సో కనిపిస్తుంది, మనం అందులో నిలబడి ఉంటాం. భయపడే చోటికి మనిషిని ఆ గది దాటకుండానే తీసుకెళ్తారు. ఎనిమిది సిట్టింగులు. ఉన్నది ఒక్క పెట్టే కాబట్టి వరుస ప్రకారం. ముందు నేను, నా తరువాత స్వప్న.

ఇన్సూరెన్సు వాళ్లు పైసా కూడా ఇవ్వం అన్నారు. అదే నా కాలు విరిగి ఉంటే రాడ్డు వేయించుకోమని దగ్గరుండి ఇచ్చేవాళ్లు. ప్యాకేజీల మేనేజరు కాగితం మా ముందుకు తోసి ధర చెప్పాడు. నాన్న జేబు తడుముకున్నాడు. అప్పుడు, ఐదు నెలల తరువాత మొదటిసారి, నాలో ఏదో లేచి కూర్చుంది.

"ఎనిమిది ఎందుకు సార్? ఐదు చాలు. ఐదు తీసుకుంటే రేటెంత?"

"మేడం, కోర్స్ ఎనిమిదికి డిజైన్ చేసిన్రు..."

"షర్టు పూర్తి చేతులతో కుడితే నేను సగం చేతులది అడుగుతున్నా. బట్ట మీకే మిగులుతుంది కదా."

అతను నవ్వాడు. లోపలికెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చి సరేనన్నాడు. నేను ఇంకొంచెం తగ్గించమన్నాను. తగ్గించాడు.

అమ్మ కళ్లల్లో నీళ్లు. నాన్న నా భుజం తట్టి, "నా బిడ్డకు పానం వచ్చిందిరా! చూడు, ఎట్ల కొట్లాడుతున్నదో" అని పక్క కుర్చీలో ఉన్న ముక్కూమొహం తెలియని ఆయనకు చెప్పాడు. మా ఇంట్లో మనిషి బాగుందనడానికి గుర్తు అదే. జ్వరం తగ్గిందో లేదో నుదురు ముట్టి చూడరు మావాళ్లు, కూరగాయలు ఎంతకు తెచ్చిందని అడుగుతారు. ఆ రోజు సాయంత్రం ఇంట్లో సేమ్యా పాయసం చేశారు. నేను రెండు గిన్నెలు తిన్నాను, పెద్ద పని సాధించినట్టు.

చికిత్స చేసేది రమణి మేడం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ మనిషి. మొదటి సిట్టింగులో అద్దాల్లో ఒక కాఫీ హోటలు, అందులో అందరూ తెల్లవాళ్లు. "మేడం, మా గల్లీ సంగతి వీళ్లకేం తెలుసు? వీళ్లు నన్నేమంటారు?" అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వి, మరుసటి వారానికి ఇక్కడి కుర్రాళ్లు తయారుచేసిన కిరాణా కొట్టు పెట్టించారు. కౌంటరు వెనక మీసాలాయన. చుట్టూ జనం. మొదట ఇద్దరు, నేను తట్టుకుంటే నలుగురు, ఆ తరువాత గుంపు. వాళ్లు నావైపు తలతిప్పి చూస్తారు. నేను పారిపోవాలనుకుంటే ఎక్కడికీ పోలేను, గదిలోనే ఉన్నాను కదా. నిలబడి ఏమవుతుందో చూడటమే పని. నేను మీసాలాయన్ని ధర తగ్గించమన్నాను. మూడుసార్లు అడిగినా అదే ధర చెప్పాడు.

"అతనికి ఆ మాట నేర్పలేదండీ" అన్నారు రమణి మేడం.

మూడో సిట్టింగులో ఆవిడ ఉన్నట్టుండి బొమ్మ ఆపేశారు. రెండు చేతుల్లో రెండు పట్టుకునే పిడులుంటాయి, అవే లోపల మన చేతులు. నేను కుడిచేతి పిడిని వీపు వెనక దాచి, సరుకూ డబ్బూ అంతా ఎడమచేత్తోనే కానిస్తున్నాను.

"కుడిచేతికి దెబ్బ తగిలిందేటండీ?"

"లేదు."

"మరి ఎడం చేత్తో ఇస్తన్నారేటి? బయట కూడా ఇలాగే ఇస్తారా?"

అద్దాల వెనక ఏడ్చాను. లోపలంతా తడిసింది. మొత్తం చెప్పేశాను. డాక్టరు గారు రెండు నెలలు అడిగి రాబట్టలేని దాన్ని ఆ పెట్టె ఇరవై నిమిషాల్లో పట్టించింది. నేను చెప్పనక్కర్లేకపోయింది, ఆవిడ చూస్తుండగా చేసేశాను, అంతే.

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని అన్నారు: "పొద్దున్నే దుకాణం తెరిచి కూర్చున్నాయనకి ఎడం చేత్తో డబ్బులిస్తే మొహం ఎలా పెడతాడండీ? మీది దుకాణమే కదా, మీరు చెప్పండి."

మా నాన్నయితే నోటు తీసుకోడు. కుడిచేత్తో ఇమ్మని అరుస్తాడు. నేను పుట్టి పెరిగింది ఆ గల్లాపెట్టె పక్కనే. వాళ్లు మొహం మాడ్చుకున్నది నా ఎడమచేతిని చూసి. నేను కుడిచేతిని దాచిన కొద్దీ వాళ్లు చూశారు, వాళ్లు చూసిన కొద్దీ నేను దాచాను. ఇంత చిన్న సంగతి నా బుర్రకు తట్టడానికి ఆ యంత్రం కావలసి వచ్చింది. తరువాతి రెండు సిట్టింగుల్లో కుడిచేత్తో మీసాలాయన దుకాణం సగం కొన్నాను.

ఐదోది అయ్యాక రమణి మేడం "వచ్చే వారం బజారుకి వెళ్దామండీ, నేను పక్కనే ఉంటాను" అన్నారు.

"నాకు ఇక లేవు మేడం. ఐదే."

ఆవిడ కాగితం తెప్పించుకుని చూశారు. "ఆఖరి మూడే కదండీ బయట చేసేవి! లోపల నేర్చుకున్నది బయట చేస్తేనే కదా నిలబడేది. ఈ మూడూ తీసేసిందెవరండీ?"

నేను చెయ్యెత్తాను. కుడిచెయ్యే.

జనవరి

మిగిలిన మూడూ కొనుక్కుందామని అడిగితే, విడిగా ఇవ్వడం కుదరదు, మళ్లీ మొత్తం ప్యాకేజీ తీసుకోవాలన్నారు. నేనూ మొండికేశాను. ఎందుకు, నాకు బాగానే ఉంది కదా అని, సంక్రాంతి ముందు రద్దీలో ఒక్కదాన్నే మెట్లు దిగాను.

మెట్ల కింద పదడుగులే నడిచాను. అద్దాల్లో జనం నిశ్శబ్దంగా చూస్తారు. ఇక్కడ తోసుకుంటారు, అరుస్తారు, హారన్లు కొడతారు. ఎవరో వెనక నుంచి "ఏయ్, జరుగు జరుగు" అన్నారు. నా చెయ్యి తనంతట తానే చున్నీ కిందికి వెళ్లిపోయింది. వెనక్కి పరుగెత్తాను. ఆ తరువాత రెండు నెలలు మళ్లీ మెట్టు దిగలేదు. అమ్మ మళ్లీ పైమెట్టు మీదికి చేరింది. కంపెనీ నుంచి ఉద్యోగం తీసేసిన కాగితం ఆ మెట్టు మీదే అందుకుంది.

మార్చి

ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఒంటరిగా బయటికి వెళ్తున్నారా? లేదు. ఉద్యోగానికి వెళ్తున్నారా? లేదు. థాంక్యూ మేడం.

పదిహేను రోజులకు స్వప్న వాళ్లమ్మ ఫోన్. "బిడ్డా, మా పిల్ల నంబరొచ్చిందని పోతే మూడు నెలలు తిప్పి తిప్పి ఇగ లేదంటున్నరు. గా అద్దాలతోని ఫాయిదా లేదట, ఖర్చు దండగట. నువ్వు చేసుకున్నవ్ గదా, గంత పనికిరానిదా?"

అమ్మను తీసుకుని ఆటోలో వెళ్లాను. ఎలా మెట్లు దిగానో ఇప్పటికీ గుర్తులేదు, కోపం దించింది. మూడో అంతస్తులో మేనేజరు కూర్చుని ఉన్నాడు.

"సార్, స్వప్నకు ఎందుకు లేదన్నారు?"

"మేడం, రివ్యూ చేసినం. పెట్టిన ఖర్చుకు వచ్చిన ఇంప్రూవ్‌మెంట్ కనిపిస్తలేదు. పేషెంట్లు మళ్ల ఇంట్లనే కూసుంటున్నరు."

"ఏ పేషెంట్లు?"

అతను ముందున్న ఫైలు తిరగేశాడు.

"నేనే కదా! ఎనిమిది ఇవ్వాల్సిన మందు ఐదిచ్చి, మందు పనిచెయ్యలేదని రాస్తారా?"

"మీరే గదా మేడం తగ్గించమన్నది?"

ఆ మాట సూటిగా తగిలింది. అయినా అన్నాను, "అడగడం నా పని సార్. నేను పుట్టింది అడగడానికే. జబ్బులో ఉండి అడిగాను. కాదనడం మీ పని. మా యాదగిరి మామ చీపురు సగానికి కోసి అమ్మడు, ఎంత బతిమాలినా. మీరు చికిత్సను కోసి అమ్మారు."

"అరవకండి మేడం, ఇది హాస్పిటల్."

"ఖర్చు ఖర్చంటున్నారు. ఆ పెట్టె, ఆ గది, రమణి మేడం జీతం రాశారు. మా అమ్మ మెట్టు మీద కూర్చున్న నెలలు ఎక్కడ రాశారు? నా ఉద్యోగం ఎక్కడ రాశారు? స్వప్న వాళ్లమ్మ ఆటో ఏ కాలమ్‌లో ఉంది? మేం ఇంట్లో మోసేదంతా మీకు ఉచితం, అందుకని మీ పెట్టె ఖరీదుగా కనిపిస్తోంది."

అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "పోదాం పద బిడ్డా, బీపీ వస్తది" అంది. మేనేజరు బీరువా తలుపు తెరిచి ఏదో కాగితం తీశాడు. ఫైలు మూసేశారట, మార్చడానికి లేదట. పైఅరలో ఆ అద్దాల పెట్టె, పిడులకు వైరు చుట్టి, ఒక పాలిథీన్ కవరులో ఉంది. అతను మళ్లీ తాళం వేసి తాళంచెవి టేబులు సొరుగులో పడేశాడు.

రమణి మేడం ఆ నెలే ఆ ఉద్యోగం మానేశారు. మిగిలిన మూడూ మా గల్లీలో చేయిద్దామని ఆవిడే ఫోన్ చేశారు. ఫీజు ఎంతన్నారో అంతే ఇచ్చాను. అలా ఇవ్వడం నా జన్మలో అదే మొదలు.

మూడోసారి పొద్దున్నే వెళ్లాం, దుకాణాలు తెరుస్తున్న వేళ. ఆవిడ కావాలనే ఆ వేళ ఎంచుకున్నారు. యాదగిరి మామ నీళ్లు చల్లి, అగరుబత్తి గుచ్చి ఇంకా లేవలేదు. కుడిచేత్తో నోటు చాపి, "మామా, ఒక చీపురు" అన్నాను. బోణీ కాలేదని నాకు తెలుసు. నా చేత్తో మునిగితే మునగనీ అనుకున్నాను, అంతకంటే ధైర్యం లేదు.

అతను నోటు తీసుకుని కళ్లకద్దుకున్నాడు. "ఏడవోయినవే ఇన్నొద్దులు? బాగ లావైనవ్" అన్నాడు. చీపురు చేతికిచ్చి చిల్లర కోసం తడుముకుంటూ, "ఏందీ, తగ్గియ్యమని అడుగుతలేవు? ఇంకా పానం బాగలేదా?" అన్నాడు.

రమణి మేడం వీధివైపు తిరిగి కళ్లు తుడుచుకోవడం చూశాను.

ఇప్పుడు

నేను కింద దుకాణంలో కూర్చుంటున్నాను. ఆసుపత్రి ఫైల్లో మాత్రం నేనింకా బాగుపడని మనిషినే. దాన్ని మార్చమని మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. నా గౌరవం కోసం కాదు. ఆ పేజీ స్వప్నకు అడ్డంగా ఉంది.

రమణి మేడం ఇప్పుడు దూరంగా ఎక్కడో చేరారు. అందుకని వారానికి రెండుసార్లు నేనే మల్కాజ్‌గిరి వెళ్లి స్వప్నతో బస్టాపులో నిలబడుతున్నాను. నాకు ఆ విద్య రాదు. పక్కన నిలబడటం వచ్చు, అంతే. మొన్న గురువారం మూడు బస్సులు వదిలేశాం. నాలుగోదానికి ఆ పిల్ల కడ్డీ పట్టుకుని మెట్టు మీద ఒక కాలు పెట్టింది. రెండో కాలు రాలేదు.

"ఎక్కుతవా, దిగుతవా? నీ ఒక్కదానికోసం బండి ఆపాల్నా?" అని కండక్టరు అరిచాడు.

నేనూ అరిచాను. లోపలివాళ్లంతా తొంగి చూశారు. స్వప్న కాలు వెనక్కి తీసుకుంది. బస్సు వెళ్లిపోయింది. వాళ్లమ్మ సంచి భుజానికి తగిలించుకుని ఆటో కోసం చూసింది.

కండక్టరును ఏమనను, అతనికి వెనక ఇంకో బస్సుంది. ఆ అద్దాల్లో కూడా ఒక బస్సుండేది. రమణి మేడం ఒకసారి చూపించారు. ఆ పిల్ల మెట్టు మీద కాలు పెట్టి ఎంతసేపు నిలబడినా, దిగి మళ్లీ ఎక్కినా, పదిసార్లు ఎక్కి దిగినా, ఆ బస్సు కదలదు. అరవదు. అది అల్వాల్ దారిలో మూడో అంతస్తు బీరువాలో పైఅరలో ఉంది. తాళంచెవి మేనేజరు టేబులు సొరుగులో ఉంది.